అప్‌డేట్: చెల్లికి కామెర్లు తగ్గాక ఎస్‌జీపీటీ మళ్లీ పెరిగిందని అడిగాను కదా

వానాకాలంలో మా చెల్లికి హెపటైటిస్-ఎ (వైరస్‌తో వచ్చే కాలేయ వాపు) వచ్చింది. కళ్ల పచ్చదనం పోయింది, హమ్మయ్య అనుకున్నాం. రెండు నెలలకు ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 640! పథ్యం తప్పింది, పసరు మందు పోయించండి అని ఇంట్లో ఒకటే గోల. పోయించలేదు, మంచిదైంది.

తేలింది ఆటోఇమ్యూన్ హెపటైటిస్. హెపటైటిస్-ఎ కొందరిలో తిరగబెడుతుంది కాబట్టి డాక్టరుగారు మొదట దాన్నే అనుమానించారు. కానీ రక్తంలో ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ) బాగా ఎక్కువ, సొంత కణాల మీదే తయారయ్యే ఏఎన్‌ఏ, స్మూత్ మజిల్ యాంటీబాడీ రెండూ పాజిటివ్. బయాప్సీలో (కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు గుంపులుగా కనిపించాయట. పక్కటెముకల మధ్య సూది గుచ్చారు. నొప్పి కన్నా, తర్వాత గంటలకొద్దీ కుడి పక్కకు తిరిగి కదలకుండా పడుకోవడమే దానికి నరకం.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో: వైరస్‌తో పోరాడిన రోగనిరోధక వ్యవస్థ, వైరస్ పోయాక కూడా ఆగక సొంత కాలేయం మీదే పడింది. అందరికీ ఇలా కాదు, ఒంట్లో ఆ తత్వం ముందే ఉన్న కొద్దిమందికే. అంటుకునే జబ్బు కాదు, కంచం వేరు పెట్టక్కర్లేదు (అమ్మకు మూడుసార్లు చెప్పాను).

స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు హెపటైటిస్-బి పరీక్ష చేయించారు. అది లోపల దాగి ఉంటే ఈ మందుతో విజృంభించవచ్చట. లేదు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు, తర్వాత రోగనిరోధక వ్యవస్థను అణచే అజాథయోప్రిన్ కలిపారు.

నిన్నటి ఎస్‌జీపీటీ 78. స్టెరాయిడ్ వల్ల ముఖం కాస్త ఉబ్బిందని సెల్ఫీలు మానేసింది.