నల్గొండలో రెండేళ్లుగా తాళం వేసి ఉన్న అమ్మానాన్నల ఇంటిని అమ్మకానికి ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న (స్వస్థలం నల్గొండ, ప్రస్తుతం హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నల్గొండ రామగిరిలో మా నాన్నగారు 1994లో కట్టించిన ఇల్లు ఉంది. రెండు వందల గజాల స్థలంలో రెండు పడక గదులు, వంటగది, ముందు వసారా, వెనుక బోరు, ఒక జామచెట్టు ఉన్నాయి. నాన్నగారు చాలా ఏళ్ల కిందటే పోయారు. అమ్మ పోయి రెండేళ్లయింది, అప్పటి నుంచి ఇంటికి తాళమే. తమ్ముడూ నేనూ హైదరాబాద్‌లోనే స్థిరపడ్డాం కనుక అమ్మేద్దామని నిర్ణయించుకున్నాం. ఇప్పటికి నలుగురు చూసి వెళ్లారు గానీ ఒక్కరూ రెండోసారి రాలేదు. కూలగొట్టి కట్టుకునేవారే దీన్ని కొంటారని, స్థలం ధర మాత్రమే వస్తుందని బ్రోకరు చెబుతున్నారు.

ముందు గది పైకప్పులో పెద్ద మరక ఉంది. పడమటి గోడకు కింద రెండడుగుల వరకు చెమ్మ ఎక్కి సున్నం రాలుతోంది. షాబాదు బండలు నల్లబడ్డాయి, స్నానాల గదిలో తెల్లని మరకలు గట్టిపడిపోయాయి. మరక కనపడకుండా ఫాల్ సీలింగ్ కొట్టించి, బండల మీద టైల్స్ వేయించి, రంగులు వేయిద్దామని తమ్ముడు అంటున్నాడు. నాకు దానికి మనసు ఒప్పడం లేదు. అవసరమైన పనులకు ఖర్చు పెట్టడానికి సిద్ధంగానే ఉన్నాం. ఏది ముందు చేయించాలో, ఏది అసలు అక్కరలేదో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు (మహబూబ్‌నగర్)

అమ్మా, మూడేళ్ల కిందట మా అత్తగారి ఇంటిని ఇలాగే అమ్మాము కనుక మీ బాధ నాకు తెలుసు. అన్నిటికంటే ముందు ఒక మాట: షాబాదు బండల మీద యాసిడ్ పోయనివ్వకండి. ఆ రాయి సున్నపురాయి జాతికి చెందినది. యాసిడ్ తగిలిన చోట నురగలు వచ్చి, పైపొర కరిగి, బండ శాశ్వతంగా పాలిపోతుంది. ఎవరో చెప్పిన మాట నమ్మి మేము ముందు గదిలో ఒక సీసా పోయించాము. మురికి పోయిన మాట నిజమే గానీ బండల నునుపు కూడా దానితోపాటే పోయింది, చివరికి ఆ గది మొత్తానికి మెషిన్ పాలిష్ పట్టించవలసి వచ్చింది. మీరు ముందే పాలిష్ పట్టించండి. సందుల్లోని పాత సిమెంటు గీకి కొత్తది నింపిస్తే ముప్పై ఏళ్ల నాటి బండలు కూడా మంచి నీలిబూడిద రంగు తేలతాయి. టైల్స్ వేస్తే నేల ఎత్తు పెరిగి ప్రతి తలుపునూ కింద కోయించవలసి వస్తుంది. పైగా మన ఎండల్లో బండల చల్లదనం కోరి కొనేవారు ఇంకా ఉన్నారు. మా ఇంటిని కొన్న దంపతులు చెప్పులు విడిచి లోపలికి రాగానే మొదట మెచ్చుకున్నది నేలనే.

ఇక రెండేళ్లు మూసి ఉన్న ఇంటికి ఒక వాసన పడుతుంది, దాన్ని అగరొత్తులతో కప్పలేరు. పాత పరుపులు, బట్టల మూటలు, అటకమీది కాగితాలు ముందుగా తీసివేయండి. చెదలు ఉంటే అప్పుడే బయటపడతాయి. వారం రోజులు పగలంతా కిటికీలు తెరిచి ఉంచే ఏర్పాటు చేయండి. బాత్రూమ్ జాలీల్లో నీరు ఎండిపోతే మురుగు వాసన లోపలికి వస్తుంది, అందుకని ఇల్లు చూపించే ముందు రోజు ప్రతి జాలీలో ఒక చెంబెడు నీళ్లు పోయించండి. అమ్మగారి వస్తువులు సర్దేటప్పుడు మాత్రం తమ్ముడితో కలిసి వెళ్లండి. ఆ పని ఒంటరిగా చేయడం చాలా కష్టం.

జవాబు (మిర్యాలగూడ, ఇళ్ల మరమ్మతు పనులు చేయిస్తాను)

అక్కా, ఆ మరక కింద ఫాల్ సీలింగ్ కొట్టించవద్దు. నీరు పైన నిలిచి స్లాబులోకి దిగుతున్నంత కాలం లోపలి ఇనుము తుప్పు పడుతూనే ఉంటుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. మేస్త్రీ చేత మరక చుట్టూ చిన్న సుత్తితో తట్టి చూపించుకోండి. డొల్ల శబ్దం వచ్చిన మేరకు ఊడగొట్టి, ఇనుమును శుభ్రం చేసి, తిరిగి పూయాలి. సజ్జల అంచులు కూడా చూడండి, పాత ఇళ్లలో మొదట పాడయ్యేవి అవే. ఒక మంచి వాన పడిన రోజున మీరే డాబా ఎక్కి నీరు ఎక్కడ నిలుస్తోందో చూడండి. చాలాసార్లు నీళ్ల గొట్టం ఆకులతో మూసుకుపోవడమో, పిట్టగోడ మొదట్లో పగులు ఉండడమో అసలు కారణం అవుతుంది. అలాంటివి చిన్న ఖర్చుతో తీరిపోతాయి.

పడమటి గోడ సంగతి వేరు. కింది నుంచి చెమ్మ పీలుస్తోందా, గోడలో నల్లా పైపు కారుతోందా అన్నది ముందుగా తేల్చాలి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకు నీటిమట్టానికి గుర్తు పెట్టి, మరుసటి రోజు చూస్తే లీకు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. తడి గోడ మీద పుట్టీ పెట్టి రంగు వేస్తే కొన్ని నెలల్లోనే పొరలుగా లేస్తుంది. పాత గార తీసి, గోడ ఆరనిచ్చి, కొత్త గార వేసి నీళ్లు కొట్టి, అదీ పూర్తిగా ఆరిన తరువాతనే రంగు వేయించాలి. దీనికి నెల పైగా పడుతుంది. ఎలాగూ ఆషాఢంలో బయానా ఇచ్చేవారు తక్కువ, శ్రావణానికి ఇల్లు చూపించేలా పని పెట్టుకోండి.

మరొక మాట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవారి కంటికి అందని ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే దాన్ని చెప్పవలసిన బాధ్యత వారిదే. చేయించిన పనుల ఫోటోలు, బిల్లులు దాచి ఉంచి కొనేవారికి చూపించండి. పని చేయించామని నోటితో చెప్పేదానికంటే అవే ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి.

జవాబు (మునుగోడు)

మన జిల్లాలో ఇల్లు చూడడానికి వచ్చినవారు మొదట అడిగేది నీళ్ల గురించే. బోరు నీటిని పరీక్ష చేయించి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. భారత ప్రమాణం ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, మరో దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. కాచినా ఫ్లోరైడ్ పోదు కనుక, ఎక్కువ ఉన్నట్లు తేలితే బోరు వాడుకకు మాత్రమేనని, తాగడానికి నల్లా నీళ్లు ఉన్నాయని స్పష్టంగా చెప్పండి. రెండేళ్లు ఆగిన మోటారును వారు వచ్చిన రోజున మొదటిసారి వేసి చూడవద్దు, ముందే నడిపించి ఉంచండి.

జవాబు (నల్గొండ)

ఇంటితోపాటు కాగితాలను కూడా సిద్ధం చేయండి. ఇల్లు నాన్నగారి పేరిటే ఉండి, వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది అమ్మగారికి, మీ ఇద్దరికి, అప్పటికి నాయనమ్మగారు జీవించి ఉంటే ఆమెకు కూడా సమానంగా వచ్చి ఉంటుంది. నాయనమ్మగారి వాటా ఉన్నదనుకుంటే మీ బాబాయిలు, మేనత్తల సంతకాలు కూడా అవసరం కావచ్చు. ఈ సంగతి బయానా తీసుకున్న తరువాత బయటపడితే బేరం చెడుతుంది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ఇంటి పన్ను రశీదులు, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు) ఒక ఫైలులో ఉంచండి. బయానా నగదు రూపంలో 20,000 రూపాయలు, అంతకు మించి తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు కనుక బ్యాంకు ద్వారానే తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు పోయేనాటికి నాయనమ్మ ఉన్నారు, ఆ విషయం మా ఇద్దరికీ తట్టనే లేదు. ఈ ఆదివారం మేనత్తగారి దగ్గరకు వెళ్లి మాట్లాడతాము. ఫాల్ సీలింగ్ ఆలోచనను తమ్ముడు మానుకున్నాడు. డాబా పనికి, బండల పాలిష్‌కు వేరువేరుగా ధరలు అడుగుతున్నాం. జామచెట్టు వేర్లు పడమటి గోడకు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి, చెమ్మకు అదీ కారణమేమో చూడమని మేస్త్రీని అడగాలా?

జవాబు (మిర్యాలగూడ)

తప్పకుండా అడగండి అక్కా. అయితే చెట్టును కొట్టించే ముందు దాని పాదులో పోసే నీళ్లు ఎటు పోతున్నాయో చూడమనండి. వాలు గోడ వైపు ఉంటే మట్టి పోసి వాలు మార్చితే సరిపోవచ్చు.