డంకర్క్ అంటే పొగడ్తా, తిట్టా?

లండన్_లక్కీ:
ఆఫీసులో ప్రాజెక్టు మునిగిపోతోంది, డెడ్‌లైన్ ఎప్పుడో దాటేసింది. నిన్న మీటింగులో మా ఇంగ్లిష్ మేనేజరు లేచి ‘డంకర్క్ స్పిరిట్ చూపించండి’ అన్నాడు. అందరూ తలలూపారు, ఫ్రెంచి కొలీగ్ మాత్రం మొహం మాడ్చుకుని కూర్చుంది. డంకర్క్ ఫ్రాన్సులో ఓ రేవు ఊరు, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు చుట్టుముడితే అక్కణ్ణుంచి ఇంగ్లిష్ సైన్యం సముద్రం దాటి పారిపోయింది కదా, ఇందులో పొగడ్తేముంది? ఇంతకీ ఆ పేరు మంచికి వాడతారా, చెడుకా?

పాతపేపర్ల_పిచ్చి:
రెండింటికీ. 1940 మే 26 నుంచి జూన్ 4 దాకా 3,38,226 మందిని ఇంగ్లండుకి దాటించారు. మొదట్లో ఓ నలభై అయిదు వేల మంది బయటపడితే చాలనుకున్నారు, అందుకే వాళ్లకది అద్భుతం. కానీ ఫిరంగులు, ట్యాంకులు, లారీలు దాదాపు అన్నీ అక్కడే వదిలేసి వచ్చారు. తరలింపులతో యుద్ధాలు గెలవరని చర్చిల్ జూన్ 4నే పార్లమెంటులో తెగేసి చెప్పాడు, ఎవరు విన్నారు! మామూలు జనం షికారు పడవలేసుకుని వెళ్లి సైనికుల్ని తెచ్చారన్న కథే నిలిచిపోయింది. ఆ పడవలు ఒడ్డు నుంచి పెద్ద ఓడల దాకా మనుషుల్ని చేరవేశాయి, కాదనను. అయితే ఎక్కువమంది ఎక్కింది రేవులో అలల్ని ఆపడానికి కట్టిన గోడ మీంచి, పైన సన్నటి చెక్కల దారి, అసలది ఓడలు ఆనించడానికి కట్టిందే కాదు.

ఇంకో వాడుక కూడా ఉంది. 1945 ఆగస్టులో ఇంగ్లిష్ ఆర్థికవేత్త కీన్స్, అమెరికా సాయం ఆగితే బ్రిటన్‌కి ‘ఆర్థిక డంకర్క్’ తప్పదని ప్రభుత్వానికి రాశాడు. అక్కడ అర్థం అచ్చంగా దివాలా. మీ మేనేజరుది ఏ అర్థమో ప్రాజెక్టు లెక్కలు చూస్తే తెలిసిపోతుంది :)

లిల్_వాసి:
నేనుండేది ఆ పక్కనే. ఫ్రెంచివాళ్ల మొహం ఎందుకు మాడుతుందో చెప్తా. లక్షకు పైగా ఫ్రెంచి సైనికుల్నీ తీసుకెళ్లారు, నిజమే, కానీ మొదటి రోజుల్లో ఓడలెక్కింది ఎక్కువగా ఇంగ్లిష్‌వాళ్లే. చివర్లో జర్మన్లని ఆపుతూ నిలబడింది ఫ్రెంచి దళాలు. జూన్ 4న వాళ్లలో 35 వేలకు పైగా మంది పట్టుబడ్డారు. వాళ్లకిది ‘మమ్మల్ని వదిలేసి పోయారు’ అన్న కథ.

ఊరివాళ్ల గోడు వేరే. జర్మన్లు 1945 మే దాకా ఆ ఊరు వదల్లేదు. 1944 అక్టోబరులో ఊళ్లోని జర్మన్లూ, చుట్టుముట్టిన మిత్రపక్షాలూ కొద్దిరోజులు కాల్పులు ఆపి, ఊళ్లో మిగిలిన వేలాదిమంది జనాన్ని బయటికి పంపాయి. ఆ తరలింపు గురించి ఎవరూ మాట్లాడరు. ఇప్పుడు ఇక్కడ డంకర్క్ అంటే కార్నివాల్. మునిసిపల్ ఆఫీసు బాల్కనీ నుంచి కవర్లలో చుట్టిన హెర్రింగ్ చేపలు విసురుతారు, కింద జనం వాటికోసం కొట్టుకుంటారు.

లండన్_లక్కీ:
థాంక్సండీ. 1940లో మనవాళ్లెవరైనా ఉన్నారా అక్కడ?

గంజాం_గట్టు:
తెలుగువాళ్లని కాదుగానీ, భారతీయులున్నారు. లారీలు పోలేని చోట్లకి సామాను మోసే కంచర గాడిదల దళాలు 1939 డిసెంబరులో ఫ్రాన్సు రేవు మార్సెయ్‌లో దిగాయి, ఎక్కువమంది పంజాబీ ముస్లింలు. ఒక కంపెనీ జర్మన్లకు చిక్కింది, కొందరు డంకర్క్ నుంచి బయటపడ్డారు, పాపం గాడిదల్ని అక్కడే వదిలేశారు. మన తెలుగువాళ్ల తరలింపు 1942లో, జపాన్ సైన్యం వచ్చిపడ్డ బర్మా నుంచి. ఓడ దొరకని కూలీలు కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు ఉంది కదా అనకండి, అది 1960ల్లో తిరిగొచ్చినవాళ్లది.