బగ్గీ మోటారులో బ్రష్‌లు విరిగాయి, కమ్యుటేటర్ కాలింది: కొత్త బ్రష్‌లు వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: నమస్కారం అండీ. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్‌కి ఒక ఎలక్ట్రిక్ బగ్గీ ఉంది. పెద్దవాళ్లను గేటు దాకా దింపడానికి వాడతాం. 48 వోల్టుల సిరీస్ డీసీ మోటారు, నాలుగు బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు). ఈ మధ్య టకటకమని శబ్దం, కాలిన వాసన వస్తున్నాయి. విప్పితే రెండు బ్రష్‌ల అంచులు విరిగి ఉన్నాయి, కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకునే రాగి చుట్టు) మీద నల్ల మచ్చలు పడ్డాయి. మెకానిక్ ఎమరీ పేపర్‌తో రుద్ది కొత్త బ్రష్‌లు వేద్దామంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: అప్పుడే రుద్దించకండి అండీ. ఆ మచ్చలు చెరిగిపోతే కారణం తెలుసుకునే దారి ఉండదు. ముందు ఫోటోలు తీసి పెట్టుకోండి. చుట్టూ ఒకే తీరుగా కాలితే స్ప్రింగులు వదులైనా, బ్రష్ గ్రేడ్ (కార్బన్ రకం) సరిపడకపోయినా అయ్యుండాలి. పక్కపక్కన ఒకటి రెండు సెగ్మెంట్లే (కమ్యుటేటర్‌లోని రాగి పట్టీలు) కాలితే ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) కాయిల్ తెగడమో, దాని అతుకు ఊడడమో అనుమానించాలి. మీ మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయి? చాక్లెట్ రంగులో నున్నగా ఉన్న భాగం జోలికి మాత్రం వెళ్లకండి, అది ఉండాల్సిన పొరే. ఇక ఎమరీ అసలు వద్దు. దాని రజను రాగిలో, సందుల్లో ఇరుక్కుని కొత్త బ్రష్‌లను కూడా తినేస్తుంది.

ప్రశ్న: మచ్చలు నాలుగు చోట్ల ఉన్నాయండీ, పావు చుట్టుకి ఒకటి. ఒక చోట వేలితో తడిమితే సెగ్మెంట్ కొంచెం పైకి లేచినట్టు తగులుతోంది. బేస్‌మెంట్ ర్యాంపు మీద గేటు తెరిచేదాకా డ్రైవర్లు బ్రేకు వేయరు, యాక్సిలరేటర్ మీదే బండి నిలబెడతారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది, నా ఉద్దేశంలో అసలు కారణం అదే. మోటారు తిరుగుతుంటే దానిలో పుట్టే ఎదురు వోల్టేజీ కరెంటును అదుపులో ఉంచుతుంది. కదలకుండా ఆగిపోతే అది ఉండదు. కంట్రోలర్ వదిలే కరెంటంతా నాలుగు బ్రష్‌ల కింద ఉన్న ఆ కొద్ది సెగ్మెంట్ల మీదే పడుతుంది. అందుకే మీ మచ్చలు సరిగ్గా పావు చుట్టుకు ఒకటి చొప్పున పడ్డాయి. ఆ వేడికి సెగ్మెంట్ లేస్తే, తిరిగిన ప్రతిసారీ బ్రష్ దానికి కొట్టుకుని అంచు విరుగుతుంది. ఇలాంటి కమ్యుటేటర్ మీద కొత్త బ్రష్‌లు వేసినా అవీ విరుగుతాయి.

ఆర్మేచర్ బయటకు తీసి, కమ్యుటేటర్‌కీ షాఫ్ట్‌కీ మధ్య మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూడండి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే కార్బన్ పొడి పేరుకుందేమో పొడి గాలితో ఊది మళ్లీ కొలవండి. ముక్కుకు మాస్క్ పెట్టుకోండి. కాయిల్స్ సంగతి మామూలు మల్టీమీటర్ ఓమ్స్‌లో తేలదు, ఆ రెసిస్టెన్స్ అంత తక్కువ. ఆర్మేచర్ గుండా స్థిరమైన కరెంటు పంపి పక్కపక్క సెగ్మెంట్ల మధ్య మిల్లీవోల్టులు కొలవాలి. ఒకచోట బాగా ఎక్కువైతే తెగినట్టు, బాగా తక్కువైతే షార్ట్ అయినట్టు.

ఇంకొకరి జవాబు: పీణ్యా పారిశ్రామిక ప్రాంతం వైపు మోటారు రివైండింగ్ షాపులు చాలా ఉన్నాయండీ. లేచిన సెగ్మెంట్ నొక్కితే కదులుతుందా అని ముందే చూపించండి. కదిలితే లేత్ పని దండగ, కమ్యుటేటర్ మార్చాల్సిందే. గట్టిగా ఉంటే బేరింగ్ కూర్చునే చోటు ఆధారంగా సెంటర్ చూసి, లేత్ మీద రాగి పైపొరను వీలైనంత పలచగా తీయమనండి. తయారీదారు చెప్పిన కనీస వ్యాసం కన్నా తగ్గకూడదు. చాలామంది అక్కడితో వదిలేస్తారు. సెగ్మెంట్ల మధ్య మైకాను (కరెంటు పారకుండా ఆపే పొర) కూడా రాగి కన్నా లోపలికి కోసి, అంచులు కొద్దిగా వాల్చాలి. అది చేయకపోతే మైకా పైకి నిలిచి బ్రష్ ఎగురుతుంది, నిప్పురవ్వలు వస్తాయి.

బ్రష్‌లు నాలుగూ ఒకే గ్రేడ్‌వి, ఒకేసారి మార్చండి. హోల్డర్‌లో జారుతున్నాయో లేదో చూడండి. సన్నటి శాండ్ పేపర్‌ను గరుకు వైపు బ్రష్‌కి తగిలేలా పెట్టి, కమ్యుటేటర్ వంపుకు సరిపోయేదాకా లాగి, పొడి మొత్తం ఊదేయండి. నూనె, స్ప్రే ఏదీ కొట్టకండి.

టెస్ట్ చేసేటప్పుడు ఒక మాట తప్పకుండా గుర్తుంచుకోండి. సిరీస్ మోటారును లోడు లేకుండా 48 వోల్టులకు కలిపితే వేగం అదుపు తప్పి ఆర్మేచర్ చెదిరిపోవచ్చు. మోటారును గట్టిగా బిగించి, 12 వోల్టుల బ్యాటరీతో కొన్ని సెకన్లు తిప్పి చూస్తే చాలు. బండికి బిగించాక మొదటి కొన్ని రోజులు చదును దారిలోనే నడపండి. ర్యాంపు దగ్గర డ్రైవర్లతో బ్రేకు వేయించండి.