74 కిలోల మనిషికి 150 క్యానోపీ: కొత్తవాడు తీసుకోవచ్చా?

గాలిమోటారు_గుంటూరు:
టెక్సస్‌లో ఉంటున్నా, స్కైడైవింగ్ నేర్చుకుంటున్నా. ఏఎఫ్ఎఫ్ (ఇన్‌స్ట్రక్టర్లతో కలిసి దూకే శిక్షణ) అయిపోయి ఈమధ్యే ఏ లైసెన్స్ (మొదటి మెట్టు లైసెన్స్) వచ్చింది. ఇప్పటిదాకా అద్దె రిగ్గే (వీపుకి తగిలించుకునే పారాషూట్ల సెట్టు), 210 చదరపు అడుగుల క్యానోపీ (పారాషూట్ గుడ్డ), వారం వారం అద్దె కట్టలేక జేబుకి చిల్లు పడుతోంది. మా డ్రాప్‌జోన్‌లో (స్కైడైవింగ్ చేసే చోట) ఒకాయన తన రిగ్ మొత్తం అమ్ముతున్నాడు: మెయిన్ పారాషూట్ సేబర్ 2 మోడల్ 150, అది పనిచేయకపోతే వాడే రిజర్వ్ 126, అవసరమైతే రిజర్వ్‌ని దానంతటదే తెరిచే పరికరం సైప్రెస్ 2 కూడా ఉంది, రేటు బాగుంది. నా బరువు 74 కిలోలు. "సన్నగానే ఉన్నావుగా, నాలుగు జంపుల్లో అదే అలవాటవుతుంది" అంటున్నాడు. తీసుకోనా?

పెద్దరెక్క:
వద్దు తమ్ముడూ. సేబర్ 2 మంచి క్యానోపీయే, గొడవంతా సైజుతోనే.

లెక్క వేసి చూడు. 74 కిలోలంటే 163 పౌండ్లు, రిగ్గూ హెల్మెట్టూ బూట్లూ కలిపి ఇంకో పాతిక పైనే, అంటే దాదాపు 190 పౌండ్లతో విమానంలోంచి దూకుతున్నావు. దాన్ని క్యానోపీ చదరపు అడుగులతో భాగిస్తే వచ్చేదే వింగ్ లోడింగ్. ఇప్పుడు 210 మీద 0.9లో ఉన్నావు, 150కి వెళ్తే 1.27 అవుతుంది. కొత్తవాళ్లకి 1.0 దాటొద్దని ఏ ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగినా చెబుతాడు.

వాతావరణం బాగున్న రోజు 150 మీద కూడా బాగానే దిగుతావు, అందుకే ఆయన మాట నిజమనిపిస్తుంది. గాలి ఎటో లాక్కెళ్లి, ఎవరి పొలంలోనో కంచెకీ కరెంటు తీగలకీ మధ్య దిగాల్సి వచ్చినప్పుడు, చివరి క్షణంలో కంగారుపడి ఒక వైపు టాగుల్ (స్టీరింగ్ తాడు పిడి) గుంజితే చిన్న క్యానోపీ ముందు కిందికి డైవ్ కొడుతుంది. ఆ ఎత్తులో మళ్లీ సర్దుకోవడానికి చోటుండదు. ఈ ఆటలో పారాషూట్ చక్కగా తెరుచుకున్నాక కూడా జనం ఎందుకు చనిపోతున్నారంటే ఎక్కువగా ఇలాంటి టర్న్‌ల వల్ల. ముందు పైన, ఎత్తు బాగా ఉన్నప్పుడే, బ్రేకుల్లో ఉండి (రెండు టాగుల్స్ కొంచెం కిందికి లాగి ఉంచి) ఫ్లాట్ టర్న్ (ఎత్తు పెద్దగా పోకుండా తిరగడం) తిప్పడం చేతికి ఎక్కించుకో.

రిజర్వ్ సంగతి ఎవరూ అడగరు, నేను అడుగుతా. 190 పౌండ్లని 126తో భాగిస్తే లోడింగ్ 1.5. సైప్రెస్ ఎప్పుడు పనిచేసి రిజర్వ్ తెరుస్తుంది? సుమారు 750 అడుగుల దగ్గర నువ్వింకా గంటకి 126 కిలోమీటర్ల వేగంతో పడుతుంటే. అంటే బహుశా స్పృహలో ఉండవు, ఫ్లేర్ చేసేవాడు (దిగే ముందు టాగుల్స్ లాగి వేగం తగ్గించేవాడు) ఉండడు, 126 నిన్ను ఎలా దింపితే అలా దిగడమే. ఆ కంటైనర్‌లో (పారాషూట్లు మడిచిపెట్టే సంచిలో) పెద్ద రిజర్వ్ పట్టదు, 1.0 లోడింగ్‌కి నీకు కావాల్సిన 190 చదరపు అడుగుల మెయిన్ కూడా పట్టదు. కాబట్టి మెయిన్ ఒక్కటే మార్చుకుందామన్నా కుదరదు.

సన్నజాజి:
పైన లెక్క కరెక్టే, కానీ నాలా తక్కువ బరువున్న అమ్మాయిలెవరైనా చదువుతుంటే ఒక మాట. నేను 50 కిలోలు, గేర్‌తో 135 పౌండ్లు, ఆ లెక్కన 135 క్యానోపీ మీద సరిగ్గా 1.0 వస్తుంది. కానీ చిన్న క్యానోపీకి తాళ్లు కూడా పొట్టిగా ఉంటాయి, అదే లోడింగ్‌లో పెద్దదానికంటే చురుగ్గా తిరుగుతుంది. నేను చాలాకాలం 170 మీదే ఉన్నా, గాలి గట్టిగా ఉన్న రోజు నేల మీద కూర్చునేదాన్ని. నవ్వేవాళ్లు నవ్వారు.

దారం_సూది:
రిగ్గర్ పని చేస్తుంటా, అంటే పారాషూట్లు తనిఖీ చేసి మడవడం, బాగుచేయడం. సైజు కుదిరినా సరే, సెకండ్‌హ్యాండ్ రిగ్‌కి మీకు తెలిసిన రిగ్గర్ విప్పి చూడకుండా డబ్బు ఇవ్వకండి, అమ్మేవాడి స్నేహితుడైన రిగ్గర్ లెక్కలోకి రాడు. సైప్రెస్ 2 తయారైన తేదీ చూడండి, దాని ఆయుష్షు 15న్నర ఏళ్లు, పాత యూనిట్లకైతే 12న్నరే, చివర్లో ఉన్నదైతే ఆ "మంచి రేటు" కొత్త యూనిట్‌కే పోతుంది. అమెరికాలో రిజర్వ్ 180 రోజులకోసారి రీప్యాక్ (విప్పి చూసి మళ్లీ మడవడం) చేయించాలి, ఆ తేదీలు రాసే కార్డు అడగండి. స్పెక్ట్రా (ఒక రకం సన్నని గట్టి దారం) తాళ్లైతే స్లైడర్ (క్యానోపీ మెల్లగా తెరుచుకునేలా తాళ్ల మీదుగా జారే గుడ్డ) రాపిడి వేడికి కుంచించుకుపోతాయి, స్టీరింగ్ తాళ్లు మరీనూ, అప్పుడు చేతులు పూర్తిగా పైకెత్తినా బ్రేకులు కొంచెం పడే ఉంటాయి.

గాలిమోటారు_గుంటూరు:
రిజర్వ్ గురించి అసలు ఆలోచించలేదు అన్నా. ఆయనకి వద్దని చెప్పేస్తా. మరి నేరుగా 190 కొననా, ఇంకొన్నాళ్లు అద్దేనా?

పెద్దరెక్క:
మీ డ్రాప్‌జోన్‌లో 190 అద్దెకుంటే ముందు దాని మీద దూకు, లేదా తయారీ కంపెనీ నుంచి డెమో (వాడి చూడ్డానికి ఇచ్చే క్యానోపీ) తెప్పించుకో. ఈలోగా, తర్వాతి మెట్టు బీ లైసెన్స్‌కి ఎలాగూ కావాలి కాబట్టి క్యానోపీ కోర్సు ఇప్పుడే చేసెయ్. కంటైనర్ కొనేటప్పుడు మాత్రం 190, 170 రెండూ పట్టేది చూసుకో.