ఆర్.వి. జోన్స్ పుస్తకాల్లో ఏది కొనాలి? ల్యాబ్ పని కోసం అడుగుతున్నాను

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చేసి ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. ఈమధ్య రిటైరైన మా సార్ వెళ్తూ వెళ్తూ "ఆర్.వి. జోన్స్ రాసినవి చదువు, నీ పనికి ఉపయోగపడతాయి" అన్నారు. వెతికితే మోస్ట్ సీక్రెట్ వార్, ది విజార్డ్ వార్, ఇన్‌స్ట్రుమెంట్స్ అండ్ ఎక్స్‌పీరియన్సెస్, వీటితో పాటు ఇన్‌స్ట్రుమెంట్స్ ఆఫ్ డార్క్‌నెస్ అని ఇంకోటి కనిపించాయి. అన్నీ కొనలేను, ఇంగ్లీషు కూడా నిదానంగా చదువుతాను. నా అసలు బాధ ఏంటంటే మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్‌లో (కాంతిని రెండుగా చీల్చి మళ్లీ కలిపి చాలా చిన్న దూరాలు కొలిచే పరికరం) అద్దాన్ని కొంచెం కొంచెంగా జరపాలి, ఉన్న స్క్రూ స్టేజ్‌లో, అంటే స్క్రూ తిప్పి అద్దాన్ని జరిపే పీఠంలో, ప్లే (వదులు) ఎక్కువ. ముందుకు తిప్పి మళ్లీ వెనక్కి తిప్పితే స్కేలు మీద అంకె అదే, అద్దం మాత్రం అక్కడ ఉండదు. పిల్లలు రీడింగ్ తీసుకోలేక నా మొహం చూస్తారు. దీనికి యుద్ధం పుస్తకం ఎలా ఉపయోగపడుతుందో అర్థం కావట్లేదు. తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు:
తమ్ముడూ, ముందు డబ్బు సంగతి. మోస్ట్ సీక్రెట్ వార్, ది విజార్డ్ వార్ రెండూ ఒకటే పుస్తకం. 1978లో ఇంగ్లండ్‌లో మొదటి పేరుతో వచ్చింది, అమెరికాలో రెండో పేరు పెట్టారు. ఏది తక్కువకి దొరికితే అది తీసుకో, రెండూ ఆర్డర్ పెట్టకు. ఇన్‌స్ట్రుమెంట్స్ ఆఫ్ డార్క్‌నెస్ ఆల్‌ఫ్రెడ్ ప్రైస్‌ది. మంచి పుస్తకమే, కానీ పేరు చూసి పొరబడొద్దు, అది రాడార్లు, జామర్ల (శత్రువు రేడియో సిగ్నల్‌ని చెడగొట్టే యంత్రాలు) యుద్ధ చరిత్ర, పరికరం ఎలా చెయ్యాలో అందులో ఉండదు. నీ స్టేజ్‌కి పనికొచ్చేది 1988లో వచ్చిన ఇన్‌స్ట్రుమెంట్స్ అండ్ ఎక్స్‌పీరియన్సెస్. జోన్స్ రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1946 నుంచి 1981 దాకా స్కాట్లండ్‌లోని అబర్డీన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. కొలతల మీద, పరికరాల డిజైన్ మీద ఆయన రాసిన పేపర్లను ఒకచోట చేర్చిన పుస్తకం అది.

అయినా నన్నడిగితే యుద్ధం పుస్తకమే ముందు చదవమంటాను. ఎందుకో ఒక్క సంగతి చెప్తాను. 1940లో జర్మన్ బాంబర్లు రాత్రిపూట రేడియో బీమ్ పట్టుకుని ఇంగ్లండ్ మీదికి వస్తాయేమో అని జోన్స్‌కి అనుమానం. అప్పటికి ఆయన వయసు 28, బ్రిటన్ వైమానిక శాఖ గూఢచర్య విభాగంలో శాస్త్రవేత్త. దొరికిన జర్మన్ ఖైదీ ఒకడు పక్కవాడితో, ఆ పరికరం కోసం ఇంగ్లీషువాళ్లు ఎంత వెతికినా దొరకదు అంటుంటే విన్నారు. ఎంత వెతికినా దొరకదంటే అది కళ్లెదుటే ఉండి ఉండాలి అని జోన్స్ ఆలోచించాడు. కూలిన హైంకెల్ బాంబర్‌లో మామూలుగా ఉండే రేడియో ఒకటి ఉంది, లోరెంజ్ రిసీవర్, మబ్బులో రన్‌వే దొరకబుచ్చుకుని దిగడానికి వాడేది. ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన కేంద్రంలో దాన్ని పరీక్షించిన ఇంజినీరుకి ఫోన్ చేసి, ఇందులో విశేషం ఏమైనా ఉందా అని అడిగాడు. లేదండీ, కాకపోతే దిగడానికి కావలసినదాని కంటే సెన్సిటివిటీ చాలా ఎక్కువ ఉంది అన్నాడాయన. అంతే, చిక్కుముడి వీడిపోయింది. రన్‌వే పక్కన సిగ్నల్ గట్టిగా ఉంటుంది, దానికి అంత సున్నితమైన రిసీవర్ దేనికి? దూరం నుంచి వచ్చే బీమ్ వినడానికే.

1940 జూన్ 21న బ్రిటన్ ప్రధాని చర్చిల్ ముందు ఈ లెక్కంతా చెప్పాడు. అంత పొట్టి అలలు భూమి వంపు దాటి అంతదూరం రావని అభ్యంతరం వచ్చింది. ఆ రాత్రే ఒక ఆన్సన్ విమానం వెళ్లి స్పాల్డింగ్ దగ్గర 31.5 మెగాహెర్ట్జ్‌లో బీమ్ పట్టుకుంది, వెడల్పు నాలుగైదు వందల గజాలు, ఒక పక్కన మోర్స్ చుక్కల్లాంటి పొట్టి శబ్దాలు, ఇంకో పక్కన గీతల్లాంటి పొడుగు శబ్దాలు, నడిమధ్యన ఆగకుండా ఒకే స్వరం. మనకి ఇందులో కావలసింది గూఢచర్యం కాదు తమ్ముడూ, పరికరాన్ని చూసే పద్ధతి. దీని మీద ఏం రాసి ఉంది అని కాకుండా ఇది ఏం చెయ్యగలదు, అవసరానికి మించి ఏముంది, ఎందుకుంది అని అడగడం. నీ స్టేజ్‌ని కూడా అలాగే చూడు. స్కేలు మీద అంకె కాదు, అద్దం నిజంగా ఎక్కడుంది?

ఇంకో వ్యాఖ్య:
ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నగరం మీద దాడి జరుగుతుందని చర్చిల్‌కి ముందే తెలిసినా ఊరుకున్నాడట కదా, ఆ పుస్తకంలో ఉందా సర్?

జవాబు:
ఉంది, కానీ మీరు విన్నదానికి ఎదురుగా ఉంది. 1940 నవంబర్ 14 సాయంత్రం ఇంటికి వెళ్తున్నప్పుడు కూడా లక్ష్యం ఏ ఊరో తనకి తెలియదని జోన్స్ రాశాడు. ఆయన్ని నిజంగా తొలిచేసింది వేరే విషయం. ఆ రాత్రి బాంబర్లు వాడింది ఎక్స్-గెరెట్ అనే రెండో రకం బీమ్. దాన్ని చెడగొట్టే జామర్లను 1500 హెర్ట్జ్ స్వరానికి పెట్టారు, అసలు స్వరం 2000. అంతకు వారం ముందే బ్రిడ్‌పోర్ట్ దగ్గర ఒడ్డున ఒక హైంకెల్ కూలింది, అందులోని రిసీవర్ ఇసుక పట్టి వచ్చింది, విప్పి చూస్తే 2000 హెర్ట్జ్‌ని తప్ప మిగతా స్వరాలను ఆపేసే ఫిల్టర్ ఉంది. బీమ్ పౌనఃపున్యం ఎంత సరిగ్గా పట్టుకున్నా స్వరం తప్పితే జామర్ మోత పైలట్ చెవి దాకా వెళ్లదు. కోవెంట్రీలో ఐదువందల మందికి పైగా చనిపోయారు. కొలతలో తప్పు అంటే ఏంటో నేను పిల్లలకి చెప్పాల్సి వస్తే ముందు ఇదే చెప్తాను.

అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అన్నా. మొదటి పుస్తకం ఆర్డర్ పెట్టాను. రెండోది ఎక్కడా అందుబాటు ధరలో లేదు. అందులో నా స్టేజ్‌కి సంబంధించింది ఏంటో కొంచెం చెప్పగలరా?

ఇంకో జవాబు:
నేను లైబ్రరీలో పని చేస్తాను తమ్ముడూ. ఆ పుస్తకం కోసం అప్పు చెయ్యకు. ఆయన పేపర్లు చాలావరకు జర్నల్ ఆఫ్ సైంటిఫిక్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో వచ్చాయి. పాత యూనివర్సిటీ లైబ్రరీలో బైండు చేసిన వాల్యూములు అడిగి, 1950, 60ల విషయసూచికల్లో జోన్స్ పేరు కింద చూడు. మీ కాలేజీ లైబ్రేరియన్‌తో ఒక ఉత్తరం రాయించుకుని వెళ్తే జిరాక్స్ తీసుకోవడం తేలికవుతుంది.

జవాబు:
అక్క చెప్పింది మంచి దారి. అవి వచ్చేలోగా పని మొదలుపెట్టు. నీకు కావలసినవి రెండు విషయాలు.

మొదటిది, అద్దం పలకని తీసి మళ్లీ పెడితే అదే చోట కూర్చోవాలి. పొయ్యికి మూడు రాళ్లే ఎందుకు పెడతారు? నాలుగు పెడితే కుండ ఊగుతుంది. ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలదు. కినెమాటిక్ డిజైన్ అంటే ఇదే, ఎన్ని కదలికలు ఆపాలో సరిగ్గా అన్ని ఆనుడు బిందువులే ఇవ్వాలి, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. పలక కింద మూడు స్టీలు బంతులు బిగించు. ఒకటి మూడు వైపులా ఆనే గుంటలో, రెండోది వి-గాడిలో, మూడోది చదును మీద. మూడు, రెండు, ఒకటి, మొత్తం ఆరు. గాడి గుంట వైపుకి చూస్తూ ఉండాలి. ఇది జోన్స్ కంటే ముందు కెల్విన్ నాటి నుంచీ ఉన్నదే.

రెండోది నీ ప్లే సమస్య. జారే భాగం ఉన్నంతకాలం ప్లే కానీ రాపిడి కానీ తప్పదు. కాబట్టి జారడమే తీసెయ్. ఒకే పొడవున్న రెండు స్ప్రింగు రేకులు నిలబెట్టి, కింది చివర్లు బేస్‌కి, పై చివర్లు అద్దం ప్లాట్‌ఫామ్‌కి బిగించు. తోస్తే రెండూ ఒకేలా వంగుతాయి, ప్లాట్‌ఫామ్ తిరగకుండా పక్కకి జరుగుతుంది. కొంచెం కిందికి దిగుతుంది కానీ ఎంతో చూడు. జరిగిన దూరం వర్గాన్ని రేకు పొడవుతో భాగించి 0.6తో గుణించు. 50 మిల్లీమీటర్ల రేకు, 0.1 మిల్లీమీటర్ జరిపితే దిగేది 0.12 మైక్రాన్. అదీ అద్దం తలానికి సమాంతరంగానే కాబట్టి నీకు నష్టం లేదు. హీలియం-నియాన్ లేజర్‌తో ఆ 0.1 మిల్లీమీటర్లోనే మూడువందలకు పైగా ఫ్రింజులు (వెలుగు, చీకటి చారలు) లెక్కపెట్టొచ్చు.

స్క్రూని నేరుగా ప్లాట్‌ఫామ్‌కి ఆనించకు. మధ్యలో ఒక మెత్తటి స్ప్రింగు పెట్టు. అది రేకుల కంటే వందరెట్లు మెత్తగా ఉంటే స్క్రూ 1 మిల్లీమీటర్ తిరిగినా అద్దం జరిగేది సుమారు 10 మైక్రాన్లే. స్క్రూలో ఉన్న ప్లే కూడా అదే లెక్కలో తగ్గిపోతుంది. రేకులకి ఫీలర్ గేజ్ (సందుల మందం కొలిచే పలుచటి స్టీలు రేకుల సెట్టు) బ్లేడ్లు వాడు, ఒకే కంపెనీవి రెండు సెట్లు కొని ఒకే మందం తీసుకో.

అడిగినవారు:
అన్నా, చేశాను! 0.3 మిల్లీమీటర్ బ్లేడ్లు వాడాను. వెనక్కి తిప్పితే ఫ్రింజు ఉన్నచోటికే వస్తోంది, మొదటిసారి చూసినప్పుడు నమ్మలేదు. కానీ ఎక్కువ జరిపితే ఫ్రింజులు పక్కకి వంగి దగ్గరదగ్గరగా అయిపోతున్నాయి.

జవాబు:
చాలా సంతోషం తమ్ముడూ. వంగుతున్నాయంటే అద్దం కొంచెం తిరుగుతోంది. రెండు చోట్ల చూడు. రేకు పొడవు అంటే బ్లేడు పొడవు కాదు, కింది క్లాంపు అంచు నుంచి పై క్లాంపు అంచు దాకా. ఆ అంచులు గుండ్రంగా అరిగి ఉంటే రెండు రేకుల పొడవూ ఒకటి కాదు. నాలుగు క్లాంపు ముక్కల్నీ ఒకే బార్ నుంచి కోయించి, జతలుగా కలిపి పట్టి ఒకేసారి మిల్లింగ్ చేయించు. తర్వాత స్క్రూ ఎక్కడ తోస్తోందో చూడు. ప్లాట్‌ఫామ్ ఎత్తులో తోస్తే తిరుగుతుంది. ప్లాట్‌ఫామ్ నుంచి ఒక ముక్క కిందికి దించి, రేకుల పొడవులో సరిగ్గా సగం ఎత్తులో తోసేలా పెట్టు. ముందు అది మార్చి చూడు, దానికి మిల్లింగ్ ఖర్చు లేదు.