ల్యాబ్ సూచనల్లో ‘కలపండి’: ఒక్క మాట ఎన్ని పనులకు?

పదశోధిని:
కెమికల్ ల్యాబ్ కోర్సు మొదటి ఏడాది విద్యార్థుల కోసం రాసిన ప్రయోగ సూచనల భాష సరిచూస్తున్నాను. రెండు వాక్యాలకొకటి ‘కలపండి’తో ముగుస్తోంది. “ఫెర్రస్ సల్ఫేట్, ఆపై గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలపండి”, “250 మి.లీ. నీటిలో కలపండి”, “అమ్మోనియా కలపండి”, “బాగా కలపండి”. తెలుగుగా చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. చేతిలో పరీక్షనాళిక పట్టుకుని చదివేవాళ్లకు మాత్రం ప్రతిచోటా ఏం చేయాలో తెలుస్తుందా అని అనుమానం. మార్చాలంటే ఏ మాటలు పెట్టాలి? దయచేసి సంస్కృత సమాసాలు వద్దు.

బ్యూరెట్ మాష్టారు:
మార్చాల్సిందేనండీ. మీ మొదటి ఉదాహరణ నైట్రేట్‌కు చేసే గోధుమ వలయ పరీక్షే కదా? అందులో ఆ మాట పూర్తిగా తప్పు. లవణ ద్రావణం 2 మి.లీ. తీసుకుని, అప్పటికప్పుడు తయారుచేసిన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం అంతే పోస్తాం. ఇంతవరకు కలపవచ్చు. తర్వాత నాళికను ఏటవాలుగా పట్టుకుని, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సుమారు 1 మి.లీ. డ్రాపర్‌తో లోపలి గోడ వెంట మెల్లగా జారవిడవాలి. దాని సాంద్రత 1.84 కాబట్టి పై ద్రవంలో కలిసిపోకుండా అడుక్కి చేరి పొరగా నిలుస్తుంది. రెండు పొరలు తాకే చోట గోధుమ రంగు వలయం కనిపిస్తుంది.

అంటే అక్కడ మన పనంతా కలవకుండా చూడటమే! సూచనలో ‘కలపండి’ అని ఉంటే విద్యార్థి నాళికను ఊపుతాడు. ద్రవం వేడెక్కుతుంది, ఆ గోధుమ రంగు పదార్థం వేడికి నిలవదు, వలయం మాయం. రికార్డులో ‘నైట్రేట్ లేదు’ అని రాసేస్తాడు. “గోడ వెంట జారవిడవండి, నాళికను కదపకండి” అని రాయండి.

‘అప్పటికప్పుడు తయారుచేసిన’ అన్న ముక్క కూడా తీసేయకండి. నిలవ ఉన్న ఫెర్రస్ సల్ఫేట్ గాలికి ఫెర్రిక్‌గా మారి పసుపు రంగుకు తిరుగుతుంది. దానితో పరీక్ష సరిగా రాదు.

విభక్తి:
వ్యాకరణం వైపు నుంచి ఒక మాట. ‘కలుపు’ క్రియ రెండు రకాలుగా నడుస్తుంది. “ఆమ్లాన్ని నీటితో కలపండి”, “ఆమ్లం, నీరు కలపండి” అన్నప్పుడు రెండింటిదీ సమాన హోదా. పాత్రలో ఏది ముందుందో వాక్యం చెప్పదు. “నీటిలో ఆమ్లం కలపండి”, “నీటికి ఆమ్లం కలపండి” అన్నప్పుడు మాత్రం -లో, -కి తగిలిన పదార్థం ముందే పాత్రలో ఉన్నట్టు, రెండోది వచ్చి చేరుతున్నట్టు. వరస మొత్తం ఆ చిన్న ప్రత్యయం మీదే ఆధారపడి ఉంది.

పైగా తెలుగులో ప్రాణం లేని వాటికి -ని, -ను వదిలేయడం మామూలే. పదాల వరస కూడా ఎటైనా మారుతుంది. “నీరు ఆమ్లంలో కలపండి”, “ఆమ్లంలో నీరు కలపండి” రెండూ ఒకటే. రెంటిలోనూ ముందున్నది ఆమ్లమే. వాక్యం ‘నీరు’తో మొదలైంది కాబట్టి నీరే ముందు పోయాలనుకునేవారు బోలెడుమంది.

బ్యూరెట్ మాష్టారు:
అదే ల్యాబ్‌లో ప్రాణం మీదికి తెచ్చేది. సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటిలో చేరినప్పుడు విపరీతంగా వేడి పుడుతుంది. నీటిలో ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోస్తే బరువైన ఆమ్లం కిందికి దిగుతుంది, చుట్టూ ఉన్న ఎక్కువ నీరు ఆ వేడిని పీల్చుకుంటుంది. తిరగేసి పోస్తే తేలికైన నీరు ఆమ్లం మీద తేలి, అక్కడికక్కడే మరిగి, ఆమ్లపు తుంపరలతో సహా ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఈ ఒక్క సూచనకు ‘కలపండి’ మాట ఎత్తకండి. “బీకరులో ముందు నీరు తీసుకోండి. గాజు కడ్డీతో తిప్పుతూ, అందులోకి ఆమ్లాన్ని సన్నని ధారగా పోయండి. బీకరు బాగా వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టండి.” మూడు వాక్యాలైనా పరవాలేదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు పెట్టుకోమని అంతకుముందే చెప్పాలి.

క్యూసీ బల్ల:
నాణ్యత పరీక్షల వైపు నుంచి చూస్తే అసలు నష్టం రెండో ఉదాహరణలో ఉంది. “1.325 గ్రా. సోడియం కార్బొనేట్‌ను 250 మి.లీ. నీటిలో కలపండి” అంటే విద్యార్థి కొలజాడీతో 250 మి.లీ. నీరు కొలిచి బీకరులో పోసి పొడి వేసేస్తాడు. మనకు కావలసింది 250 మి.లీ. నీరు కాదు, 250 మి.లీ. ద్రావణం. పైగా కొలజాడీ 1 నుంచి 2 మి.లీ. అటూఇటూ చూపుతుంది. అదే ఎ-క్లాస్ (ఎక్కువ కచ్చితత్వం ఉన్న రకం) ప్రమాణ కుప్పె, అంటే సన్నని మెడ మీద ఒకే గీత ఉండే ఫ్లాస్క్ అయితే తేడా 0.15 మి.లీ. దగ్గరే ఉంటుంది. పలుచని ద్రావణంలో ‘నీరు’, ‘ద్రావణం’ తేడా పెద్దగా కనిపించదు, నిజమే. 50 మి.లీ. ఇథనాల్‌కు 50 మి.లీ. నీరు పోసి చూడండి, 100 రాదు, 96, 97 దగ్గర ఆగుతుంది.

ఇక్కడ ‘కలపండి’ని నాలుగు మాటలుగా విడగొట్టాలి: కరిగించండి, కుప్పెలోకి మార్చండి, గుర్తు వరకు నింపండి, తలకిందులు చేస్తూ కలపండి. ఆరబెట్టి చల్లార్చిన సోడియం కార్బొనేట్‌ను తూచి, బీకరులో సుమారు 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తాం. గది వేడికి వచ్చాక గరాటు గుండా కుప్పెలోకి పోస్తాం. బీకరును, కడ్డీని, గరాటును కొంచెం కొంచెం నీటితో మూడుసార్లు కడిగి ఆ నీళ్లూ కుప్పెలోకే. చాలామంది వాటిని సింకులో పారబోస్తారు, వాటితోపాటు తూచిన కార్బొనేట్ కొంత పోతుంది. గుర్తుకు ఒక సెంటీమీటరు కిందవరకు నింపి, మిగిలింది డ్రాపర్‌తో చుక్కచుక్కగా. ద్రవం వంపు అడుగు గీతను తాకాలి, కన్ను గీతకు ఎదురుగా ఉండాలి.

వేడి ద్రావణాన్ని గుర్తు వరకు నింపితే చల్లారాక మట్టం కిందికి దిగుతుంది. గీత దాటి పోస్తే పైనుంచి పిపెట్‌తో తీసేసి సర్దుకుందామనుకుంటారు. ఆ తీసిన దాంట్లో కార్బొనేట్ కూడా ఉంటుంది మరి. పారబోసి మళ్లీ తూచుకోవడమే.

చివరి మెట్టే ఎక్కువ మంది వదిలేసేది. డ్రాపర్‌తో పోసిన నీరంతా మెడలోనే ఉండిపోతుంది, అక్కడ దాదాపు ఉత్త నీరే. ఊరికే అటూఇటూ ఊపితే సన్నని మెడలోది కిందికి దిగదు. మూత బిగించి, బొటనవేలితో నొక్కి పట్టి, 15 నుంచి 20 సార్లు తలకిందులు చేయాలి. ప్రతిసారీ గాలి బుడగ అడుగుదాకా వెళ్లి తిరిగి రావాలి. అది చేయకపోతే ఒకే కుప్పె నుంచి తీసిన 25 మి.లీ.లకు మూడుసార్లూ మూడు బ్యూరెట్ (ద్రావణాన్ని కొలుస్తూ చుక్కచుక్కగా వదిలే గొట్టం) రీడింగులు వస్తాయి. తప్పేమో బ్యూరెట్ మీదికి తోస్తారు.

పదశోధిని:
‘తలకిందులు చేయండి’ బదులు ‘బోర్లించండి’ అంటే చిన్నగా ఉంటుంది కదా?

విభక్తి:
వద్దండీ. బోర్లించడమంటే తిరగేసి అలాగే ఉంచడం. కడిగిన బీకరును బోర్లిస్తాం, నిండు కుప్పెను కాదు. “తలకిందులు చేసి మళ్లీ నిలబెట్టండి, ఇలా 15 సార్లు” అంటే ఎవరికీ సందేహం రాదు.

కొత్త విద్యార్థి:
అందరికీ నమస్కారం. ఒక సందేహం. ద్రావణం తయారీలో ఒక్క చుక్క నీరు ఎక్కువైతే పారబోయమంటున్నారు. మరి టైట్రేషన్ (బ్యూరెట్‌లోంచి ఎంత ద్రావణం పడుతుందో చూసి గాఢత కనుక్కునే ప్రయోగం) మధ్యలో కోనికల్ ఫ్లాస్క్ గోడల్ని డిస్టిల్డ్ వాటర్‌తో కడగమంటారు. అక్కడ నీరు కలిస్తే పలుచన కాదా?

క్యూసీ బల్ల:
పలుచన అవుతుంది తమ్ముడూ, కానీ లెక్క మారదు. పిపెట్‌తో 25 మి.లీ. కొలిచి ఫ్లాస్క్‌లో వదిలాక అందులో ఎన్ని మోల్‌లు (పదార్థం ఎంతుందో చెప్పే లెక్క) ఉన్నాయో తేలిపోయింది. తర్వాత ఎంత నీరు పోసినా ఆ మోల్‌లు అన్నే. పై ఉదాహరణలోని కార్బొనేట్ 0.05 మోలార్, అంటే లీటరుకు 0.05 మోల్. దాని 25 మి.లీ.కు మిథైల్ ఆరెంజ్ సూచికతో (రంగు మారి ముగింపు చూపేది) 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 25 మి.లీ. పడుతుంది. గోడలు కడిగినా అంతే. ఫినాఫ్తలీన్ వేస్తే మాత్రం సగంలోనే, 12.5 దగ్గరే రంగు పోతుంది. అప్పటికి కార్బొనేట్ బైకార్బొనేట్‌ వరకే వచ్చింది.

కొలవకముందు చేరే నీటితోనే చిక్కు. బ్యూరెట్‌లో నీటి తడి ఉంటే ఆమ్లం పలుచనై రీడింగు పెరుగుతుంది. అందుకే బ్యూరెట్‌ను అందులో పోయబోయే ద్రావణంతోనే, పిపెట్‌నూ అలాగే, రెండుసార్లు లోపలంతా తడిపి పారబోయాలి. కోనికల్ ఫ్లాస్క్‌ను అలా చేయకూడదు. ద్రావణంతో తడిపితే కొలవని మోల్‌లు అదనంగా చేరి, అప్పుడూ రీడింగు పెరుగుతుంది. దాన్ని ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగితే చాలు, తడిగా ఉన్నా సరే. మీ సూచనల్లో మూడింటికీ ‘శుభ్రంగా కడగండి’ అని ఉంటే, పదశోధిని గారూ, అదీ విడగొట్టండి. దేనితో కడగాలో చెప్పకుండా ‘కడగండి’ అనకూడదు.

పదశోధిని:
ఉంది! మూడింటికీ అదే వాక్యం. ఇంకొకటి అడగాలి. ‘గాఢ’, ‘బలమైన’ అనే మాటల్ని ఒకదాని బదులు ఒకటి వాడేశారు.

బ్యూరెట్ మాష్టారు:
వాడకూడదు. గాఢత అంటే లీటరులో ఎంత ఉందన్నది. బలం అంటే నీటిలో ఎంతమేరకు అయాన్లుగా విడిపోతుందన్నది. గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 17 మోలార్ పైనే. చర్మాన్ని కాలుస్తుంది, అయినా బలహీన ఆమ్లమే. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పలుచనిది, అయినా బలమైనది. రెండూ 0.1 మోలార్‌లో తీసుకుంటే హైడ్రోక్లోరిక్‌కు పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ ఆమ్లగుణం ఎక్కువ) 1, ఎసిటిక్‌కు 2.9. టైట్రేషన్‌లో మాత్రం రెంటికీ సోడియం హైడ్రాక్సైడ్ సమానంగానే పడుతుంది. బలం తేడా సూచిక ఎంపికలో బయటపడుతుంది. ఎసిటిక్ ఆమ్లానికి ఫినాఫ్తలీన్ వాడాలి. మిథైల్ ఆరెంజ్ వేస్తే చివరికి చేరకముందే రంగు మారిపోతుంది.

‘సజల ఆమ్లం’ అని కూడా రాస్తుంటారు. ‘సజల’ అంటే నీరున్నది అనే. సీసాలో ఉన్న 37 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనూ నీరుంది, అది సుమారు 12 మోలార్! పలుచనిది కావాలంటే ‘విలీన’ అనండి, లేదా ‘పలుచని’ అనే అనండి. గాఢత అంకె పక్కనే వేయండి.

విభక్తి:
‘పలుచని’కే నా ఓటు. ‘విలీన’ వినగానే సంస్థల విలీనం గుర్తొస్తుంది ఈ కాలంలో.

బ్యూరెట్ మాష్టారు:
‘అమ్మోనియా కలపండి’ మిగిలింది. అది కాపర్ పరీక్ష అనుకుంటాను. కాపర్ సల్ఫేట్ ద్రావణంలో పలుచని అమ్మోనియాను ఒక్కో చుక్క వేస్తే ముందు లేత నీలం అవక్షేపం (ద్రావణంలో కరగక విడిపడే పదార్థం) వస్తుంది. ఇంకా వేస్తూపోతే అది కరిగి ముదురు నీలం ద్రావణం అవుతుంది. ఒకేసారి గుమ్మరిస్తే మొదటి దశ కంటికే కనిపించదు. “ఒక్కో చుక్క వేస్తూ, ప్రతి చుక్కకూ నాళికను మెల్లగా తట్టండి. అవక్షేపం కనబడగానే ఆపి రంగు రాసుకోండి. ఆపై ఇంకా వేయండి.” ఇలా ఉండాలి.

పదశోధిని:
అక్కడే “అధికంలో కరుగును” అని ఉంది.

విభక్తి:
దేని అధికంలో? ఆ వాక్యానికి తల ఉంది, మొండెం లేదు.

బ్యూరెట్ మాష్టారు:
కారకం, అంటే మనం వేసే రసాయనం, పేరు చెప్పి తీరాలి. జింక్, అల్యూమినియం రెండూ తెల్లని అవక్షేపాలే ఇస్తాయి. సోడియం హైడ్రాక్సైడ్ ఎక్కువ వేస్తే రెండూ కరుగుతాయి. అమ్మోనియా ఎక్కువ వేస్తే జింక్‌ది కరుగుతుంది, అల్యూమినియంది ఉండిపోతుంది. ఆ రెంటినీ విడదీసి చెప్పే ఆధారమే అది. “అమ్మోనియా ఇంకా ఎక్కువ వేస్తే అవక్షేపం కరుగుతుంది” అని నిండుగా రాయండి.

కొత్త విద్యార్థి:
“1:5 పలుచన చేయండి” అంటే ఒక వంతుకు ఐదు వంతుల నీరా, మొత్తం ఐదు వంతులా?

క్యూసీ బల్ల:
రెండు రకాలుగానూ రాసేవాళ్లున్నారు, అదే గొడవ. 1 మోలార్ ఆమ్లం 10 మి.లీ. తీసుకుని 50 మి.లీ. నీరు పోస్తే మొత్తం సుమారు 60, గాఢత 0.167. అదే 10 మి.లీ.ను కుప్పెలో 50 మి.లీ. గుర్తు వరకు నింపితే 0.2. అందులోంచి 10 మి.లీ. తీసి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే ఒకరికి 16.7, ఇంకొకరికి 20.0. ఇద్దరి చేతిపనిలోనూ తప్పుండదు. తెలుగులో ‘ఐదు రెట్లు పలుచన’ అన్నా చాలామందికి అదే సందేహం. సూచనల్లో నిష్పత్తి గుర్తు కొట్టేసి, “10 మి.లీ. పిపెట్‌తో తీసి, 50 మి.లీ. ప్రమాణ కుప్పెలో గుర్తు వరకు నింపండి” అని రాయండి. పాత్ర పేరు రాస్తే ఆ ప్రశ్నే రాదు.

పదశోధిని:
సరేనండీ, నిష్పత్తులన్నీ అలాగే మారుస్తున్నాను. ‘కలపండి’ కుప్పెను తలకిందులు చేసేచోట, కడ్డీతో తిప్పేచోట మాత్రం ఉంచుతాను. తిరగరాసిన వలయ పరీక్ష రేపు ఇక్కడే పెడతాను, మాష్టారు గారు ఒకసారి చూసిపెట్టాలి.

బ్యూరెట్ మాష్టారు:
పెట్టండి. ద్రావణంలో బ్రోమైడ్, అయోడైడ్ ఉంటే ఆ వలయం నమ్మదగింది కాదన్న హెచ్చరిక కూడా చేర్చండి. ఇక్కడ ‘చేర్చండి’ సరైన మాటే లెండి.