ట్రమడాల్ వాడుతున్న అమ్మగారికి వీడని నీరసం

ప్రశ్న: వెన్నుపూస అరుగుదల నొప్పికి మా అమ్మగారు కొన్నేళ్లుగా ట్రమడాల్ వాడుతున్నారు. నొప్పి అదుపులోనే ఉంది గానీ, రాత్రంతా పడుకున్నా ఉదయం బియ్యం కడిగేలోపే కుర్చీ వెతుక్కుంటున్నారు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు బాగానే వచ్చాయి. ఇది మందు వల్లనేనా? మాత్రలు వెంటనే ఆపేయమని బంధువులు పట్టుబడుతున్నారు.

జవాబు 1: దయచేసి ఒక్కసారిగా ఆపించకండి. ఇది ఓపియాయిడ్ (నల్లమందు తరహా నొప్పి నివారిణి) తరగతి మందు కాబట్టి శరీరం దానికి అలవాటుపడి ఉంటుంది. హఠాత్తుగా మానేస్తే చెమటలు, విరేచనాలు, నిద్రలేమి, ఆందోళన కలుగుతాయి, నొప్పి కూడా పెరుగుతుంది. తగ్గించాలంటే వైద్యుల పర్యవేక్షణలో, వారాలు లేదా నెలల మీద తగ్గించాలి.

జవాబు 2: మందు వల్ల అయ్యే అవకాశం ఉందండి. ఈ మందులు మగతను కలిగించడమే కాక, నిద్రలో శ్వాసను మందగింపజేసి, గాఢనిద్రను దెబ్బతీస్తాయి; కొందరిలో మెదడు నుంచి మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులకు వెళ్లే సంకేతాలను అణచివేయడంతో అవి తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గి, తీరని నీరసం వస్తుంది. ఉదయం వేళ కార్టిసాల్ పరీక్ష అవసరమా అని వైద్యులను అడగండి. నిద్రమాత్రలు, ప్రీగాబాలిన్ (నరాల నొప్పి మందు) వంటివి కూడా వేసుకుంటున్నారా? అవి తోడైతే మగత, శ్వాసకు ముప్పు రెండూ పెరుగుతాయి. ఆమె నిద్రలో గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లు కనిపిస్తే వైద్యులకు చూపించడంలో ఆలస్యం చేయవద్దు.

జవాబు 3: ఈ మందుతో వచ్చే మలబద్ధకం గురించి కూడా అమ్మగారిని అడగండి, పెద్దవాళ్లు సిగ్గుపడి చెప్పరు, తిండి తగ్గించేస్తారు. 2018 నుంచి ట్రమడాల్ మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉంది. పాత చీటీతోనే తెప్పించుకుంటూ ఉంటే, ఈసారి ఆమెను స్వయంగా నొప్పి చికిత్స నిపుణుల వద్దకు తీసుకువెళ్లండి.